పగడాలకి ప్రాణమున్న మేత: ఏడాది తెప్పించాక నా లెక్క, మా నాన్న వేసిన మార్కులు

మా ఫ్రిజ్ తలుపు కింది అరలో, పెరుగు డబ్బా పక్కన, ఒక పచ్చనీళ్ళ సీసా ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు అది గోధుమగడ్డి రసం అనుకుని, షుగర్ ఎవరికని అడుగుతారు. మా ఆయన ఒకరోజు తెల్లవారుజామున నిద్రకళ్ళతో గ్లాసులోకి వంచుకోబోయాడు కూడా. అది సముద్రపు నాచు. కంటికి కనపడనంత చిన్నది, ప్రాణంతో ఉన్నది. స్కూల్లో ప్లవకాలు అని చదివాం కదా, అవే. ఇంట్లో తొట్టిలో పగడాలు పెంచే పిచ్చి ఉన్నవాళ్ళం దాన్ని ఫైటో అంటాం. దాన్ని తిని బతికే పిసరంత పురుగుల్ని పాడ్స్ అంటాం. రెండూ డబ్బులు పెట్టి పోస్టులో తెప్పించుకుంటాం.

మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. హాల్లో 40 గ్యాలన్ల ఉప్పునీళ్ళ అక్వేరియం తొట్టి, అంటే సుమారు 150 లీటర్లు. మూడేళ్ళ వయసు. అందులో రెండు టార్చ్ కోరల్స్, ఒక హ్యామర్, ఒక రాయి నిండా జోవాంతిడ్స్, ఒక సన్ కోరల్ (ఇవన్నీ పగడాల రకాలే), రెండు క్లౌన్ చేపలు, ఒక మాండరిన్ చేప. కిందటి జూన్ నుంచి ఈ మే దాకా వేరే రాష్ట్రంలోని ఒక చిన్న కంపెనీ నుంచి నెలకో ఫైటో సీసా, రెండు నెలలకో పాడ్స్ సీసా తెప్పించాను. ఫైటో 16 ఔన్సుల సీసా 22 డాలర్లు, పాడ్స్ 30 డాలర్లు, పైన షిప్పింగ్. కంపెనీ పేరు రాయను. నాకు జరిగిన నష్టంలో నా తెలివితక్కువతనం వాటా కూడా పెద్దదే. ఇలాంటి సీసాలు అమ్మేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఈ మాటలు ఎవరి సీసాకైనా పనికొస్తాయి.

అసలు పగడాలకి మేత ఎందుకు, లైటు వేస్తే చాలదా అని అడిగేవాళ్ళు ఉంటారు. నేనూ రెండేళ్ళు అలాగే అనుకున్నాను. చాలా పగడాల ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. వెలుతురు తగిలితే అది పిండివంట వండి పగడానికి పెడుతుంది. తిండిలో ఎక్కువ భాగం అక్కడి నుంచే. కానీ అందులో శక్తి తప్ప మాంసకృత్తులు తక్కువ. వాటికోసం పగడం వేటాడాలి. నిజం సముద్రంలో చీకటి పడగానే పగడపు దిబ్బ అడుగు నుంచి సన్నటి పురుగులు పైకి లేస్తాయి, పగడాలు మీసాలు చాచి పట్టుకుంటాయి. మన తొట్టిలో పురుగులెక్కడివి? ఉన్న నాలుగింటినీ మనం పెట్టిన ఫిల్టర్ సంచీ, నీళ్ళలోని మురికిని నురగగా లాగేసే స్కిమ్మరే ఎత్తేస్తాయి.

ఇక సీసా సంగతి. ఫైటో లేబుల్ మీద నాలుగు నాచుల పేర్లున్నాయి: నానోక్లోరోప్సిస్, ఐసోక్రైసిస్, టెట్రాసెల్మిస్, థలాసియోసైరా. కింద బాగా విచ్చుకున్న టార్చ్ కోరల్ బొమ్మ. ఆ బొమ్మ చూసే నేను కొన్నాను. ఆ బొమ్మ మీదే నాకు మొదటి ఫిర్యాదు కూడా. నానోక్లోరోప్సిస్ కణం సైజు 2 నుంచి 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). టార్చ్ లాంటి రాతి పగడాల మీసాలు, వాటి మీది విషపు ముళ్ళు ఉన్నది కదిలే పురుగుల్ని పట్టడానికి. ఈ పచ్చధూళి వాటి మీసాల మధ్య నుంచి జారిపోతుంది. కొన్ని మెత్తటి పగడాలు ఫైటోనే తింటాయన్నది నిజమే, కార్నేషన్ కోరల్స్ లాంటివి. కానీ వాటిని ఇంట్లో బతికించడం పెద్ద పెద్ద వాళ్ళ వల్లే కాలేదు, నా వల్ల ఏమవుతుంది. నాలుగు నెలలు కొలిచి కొలిచి పోసినా నా టార్చ్‌లో ఫైటో వల్ల వచ్చిన తేడా ఏమీ కనపడలేదు.

నాలుగు నెలలు అన్నాను గానీ, అందులో రెండో నెల కథ వేరు. జులైలో వచ్చిన రెండో పెట్టె. మా ఊళ్ళో ఆ వారమంతా 38 డిగ్రీలు. కొరియర్ వాళ్ళు మధ్యాహ్నం ఒంటిగంటకి గుమ్మం ముందు ఎండలో పెట్టి, ఫొటో తీసి వెళ్ళిపోయారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరు. లోపల ఐస్ ప్యాక్ గోరువెచ్చగా ఉంది. సీసా అడుగున ముదురాకుపచ్చ ముద్ద, పైన లేత గోధుమరంగు నీళ్ళు. మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన. ఆ వాసన చూసిన మనిషి ఏం చేయాలి? పారబోయాలి. నేను మాత్రం ఇరవై రెండు డాలర్లు అనుకున్నాను. పైగా ఆ వారం పగడాలు నీరసంగా ఉన్నాయని, ఎక్కువ పోస్తే ఎక్కువ తింటాయని, సగం సీసా తొట్టిలో గుమ్మరించాను. మామూలుగా 10 గ్యాలన్లకి 2, 3 మిల్లీలీటర్లు చాలు. నేను 40 గ్యాలన్లకి 230 మిల్లీలీటర్లు పోశాను, అదీ చచ్చిన సరుకు.

తెల్లారి లేచి చూస్తే తొట్టి బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. స్కిమ్మర్ కప్పు పొంగి నేలంతా నురగ. క్లౌన్ చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. నేను ముద్దుగా చూసుకునే క్లీనర్ రొయ్య చనిపోయింది. ఆ రోజు ఆఫీసు లేదు, తిండి లేదు, నీళ్ళు మార్చడమే. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. కంపెనీకి మెయిల్ పెడితే, పెట్టె చేరిన రెండు గంటల్లోపు ఫొటో పంపితేనే డబ్బు వాపసు అన్నారు. వాళ్ళ షరతుల్లో ఆ మాట ఉంది, చదవకపోవడం నా తప్పే. కానీ ఉద్యోగం చేసుకునే మనుషులకి సరుకు అమ్ముతూ రెండు గంటల గడువు పెట్టడం ఏం న్యాయమో నాకు అర్థం కాలేదు. రొయ్య ఊసు నేను ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు.

సెప్టెంబరులో నాన్న వచ్చారు, ఆరు నెలలు ఉండడానికి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాన్న భీమిలి దగ్గర ఒక రొయ్యల హేచరీలో ఆల్గే సెక్షన్‌లో పాతికేళ్ళు పనిచేశారు. రొయ్యపిల్ల పుట్టాక జోయియా దశలో నాచు తింటుంది, మైసిస్ దశకి వచ్చేసరికి ఆర్టీమియా అనే పిసరంత ఉప్పునీటి జీవి కావాలి. ఆ నాచూ, ఆర్టీమియా పెంచడమే ఆయన ఉద్యోగం. చిన్నప్పుడు మా ఇంట్లో పోపుదినుసుల డబ్బాలన్నీ ఖాళీ ఆర్టీమియా గుడ్ల డబ్బాలే. వాటి మీద గ్రేట్ సాల్ట్ లేక్ అని ఇంగ్లీషులో రాసి ఉండేది. అందులో అమ్మ ఆవాలు పోసేది. ఆ సరస్సు యూటాలో ఉందని, ఆ గుడ్లు అక్కడి నుంచి మా ఊరి దాకా వచ్చేవని నాకు ఈ తొట్టి పెట్టాకే తట్టింది. ఇంత దగ్గరి సంగతి నాన్నని ఒక్కసారీ అడగకుండా, వీడియోలు చూసి సీసాలు కొన్నాను.

వచ్చిన మర్నాడే నాన్న ఫ్రిజ్ తెరిచారు.

"ఇదేటమ్మా, ఈ పచ్చనీళ్ళు?"

"నానోక్లోరోప్సిస్, ఇంకా మూడు రకాలు నాన్నా. ఇరవై రెండు డాలర్లు."

"మా దగ్గర నీళ్ళు ఈ రంగుకి తిరిగాయంటే ఆ ట్యాంకు పోయినట్టే లెక్క. వదిలేసి బ్లీచింగు కొట్టేవాళ్ళం."

వాళ్ళు పెంచింది కీటోసెరాస్. అది డయాటమ్ అనే రకం నాచు, బాగా ఎదిగితే తేనెరంగులో ఉంటుంది. పచ్చదనం వచ్చిందంటే వేరే నాచు దూరిందని అర్థం. ఇది పచ్చగా ఉండాల్సిన జాతే అని నచ్చజెప్పడానికి నాకు పావుగంట పట్టింది. తర్వాత ఆయన సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తడిగడ్డి వాసన, కొంచెం సముద్రం. "బతికే ఉందిలే" అన్నారు. అంతటితో ఆగలేదు. ఒక గాజుగ్లాసులో కొంచెం పోసి, అరగంట బయటపెట్టి చల్లదనం పోనిచ్చి, హాల్లో లైట్లు ఆర్పించి, గ్లాసుకి ఒక పక్క సెల్‌ఫోన్ లైటు పెట్టారు. టెట్రాసెల్మిస్‌కి సన్నటి తోకలుంటాయి, ఈదుతుంది, వెలుతురు వైపు పోతుంది. ఇరవై నిమిషాలకి లైటున్న వైపు గాజుని ఆనుకుని పచ్చటి పొరలా చేరింది, అవతలి పక్క నీళ్ళు పలచబడ్డాయి. మైక్రోస్కోపు అక్కర్లేని పరీక్ష. ఆ తర్వాత వచ్చిన ప్రతి సీసాకీ ఇదే చేశాను. ఒకటి తప్ప అన్నీ పాసయ్యాయి. ఆ ఒక్కదాని డబ్బు అడగ్గానే తిరిగి ఇచ్చారు, ఫొటో రెండు గంటల్లోపే పంపాను కాబట్టి.

పాడ్స్ సీసా మీద 2000 అని రాసి ఉంది. ఆ అంకె చూసి నాన్న నవ్వారు. రొయ్య సీడు, అంటే రొయ్యపిల్లలు, కొనే రైతులు ఒక కవరు విప్పి లెక్కపెట్టి, మిగతా కవర్లకి అదే లెక్క కడతారు. ఇక్కడా అదే పద్ధతి. సీసా నెమ్మదిగా తిప్పి అడుగున ఉన్నవన్నీ లేపి, మందుల సిరంజితో 5 మిల్లీలీటర్లు తీసి తెల్ల పళ్ళెంలో పోసి లెక్కపెట్టడం. ఐదుసార్లు తీశారు. సగటున 17. అంటే 470 మిల్లీలీటర్ల సీసాకి దాదాపు 1600. కంటికి ఆనని పిల్లలు లెక్కలోకి రాలేదు కాబట్టి మోసమని అనను. "సీడు అమ్మేవాళ్ళకంటే నయమే" అన్నది నాన్న తీర్పు.

ఆ సీసాలో రెండు జాతులు వస్తాయి. టిగ్రియోపస్ నారింజరంగులో ఉంటుంది, మిల్లీమీటరు దాటుతుంది, నీళ్ళ మధ్యలో గిరగిరా తిరుగుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి అమ్మేవాళ్ళు ఇది ఎక్కువ వేస్తారేమోనని నా అనుమానం. చేపలకీ అంతే ముచ్చట, గంటలో నాకేస్తాయి. టిస్బే తెల్లగా, నలకంత ఉంటుంది, రాళ్ళ సందుల్లో పాకుతుంది, అక్కడే పిల్లల్ని పెడుతుంది. డబ్బుకి పలికేది ఇదే. రాత్రి లైట్లు ఆరాక, మోటార్లు ఆపి, రాళ్ళ మొదట్లో వదలాలి. రెండో సీసా వదిలిన ఆరు వారాలకి ఓ రాత్రి టార్చిలైటు వేస్తే అద్దం మీద తెల్లటి చుక్కలు పాకుతూ కనపడ్డాయి. మాండరిన్ చేప పూర్తిగా వీటిమీదే బతుకుతుంది, డబ్బా మేత ముట్టదు. లోపలికి పీక్కుపోయిన దాని పొట్ట డిసెంబరు నాటికి గుండ్రంగా తేలింది. పాడ్స్ మీద పెట్టిన డబ్బుకి నాకు ఏ బాధా లేదు.

అయితే పగడాలు నిజంగా తిన్నది మాత్రం సీసాలో రాలేదు. ఆర్టీమియా గుడ్ల డబ్బా తెప్పించమన్నారు నాన్న. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసి, తలకిందులుగా నిలబెట్టి, లీటరుకి 25 గ్రాముల ఉప్పు కలిపి, అర చెంచా గుడ్లు వేసి, మూతి దాకా గాలిగొట్టం దించారు. పక్కన బల్బు. నీళ్ళు 28 డిగ్రీల దగ్గర ఉంటే మర్నాడు అదే వేళకి పిల్లలు రెడీ. గాలి ఆపితే గుడ్ల పెంకులు పైకి తేలతాయి, నారింజరంగు పిల్లలు లైటున్న చోటికి, అడుక్కి చేరతాయి. వాటిని సన్నటి గొట్టంతో లాగి, వడగట్టి, మంచి ఉప్పునీళ్ళతో కడగాలి. పెంకులు కలిస్తే తొట్టిలో అద్దాలకి అంటుకుని వారం రోజులు ప్రాణం తీస్తాయి. నాకు రెండుసార్లు కలిశాయి. "తొందరపడకు, పది నిమిషాలు ఆగు" అని నాన్న చెప్పింది వినకపోవడం వల్లే.

నా ఫైటో సీసాకి అసలు పని దొరికింది కూడా ఇక్కడే. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లకి నోరుండదు, గుడ్డుసొన కరిగించుకుంటూ బతుకుతుంది. గంటలు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. ఎనిమిది, పన్నెండు గంటలయ్యాక ఒకసారి పొర విడిచి తినడం మొదలుపెడుతుంది. అప్పుడు దానికి నాచు తినిపించి, పొట్ట నిండాక పగడానికి పెట్టాలి. ఐసోక్రైసిస్‌లో ఉండే మంచి కొవ్వులు అలా పగడానికి చేరతాయి. "పిల్లకి పెట్టే ముందు పిల్ల తినేదానికి పెట్టాలి" అంటారు నాన్న, హేచరీ మాటే. ఇన్నాళ్ళూ తొట్టిలో పోసిన పచ్చనీళ్ళలో సగం స్కిమ్మర్ పాలైంది. ఇప్పుడు గ్లాసులో పోస్తే గంటలో గ్లాసు తెల్లబడుతుంది, పిల్లల పొట్టలో సన్నటి పచ్చగీత కనపడుతుంది. భూతద్దం పెట్టి చూడండి, తెలుస్తుంది.

సన్ కోరల్ గురించి చెప్పకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. దాని ఒంట్లో నాచు ఉండదు, వెలుతురుతో పని లేదు. ఏం తిన్నా పట్టుకునే తినాలి. నేను కొన్నప్పుడు తొమ్మిది పువ్వులు, అక్టోబరుకి ఐదే విచ్చుకుంటున్నాయి, అంచుల్లో తెల్లటి ఎముక బయటపడింది. రాత్రి పదిన్నరకి నాన్న, నేను ఎర్ర లైటు పట్టుకుని తొట్టి ముందు స్టూళ్ళ మీద కూర్చున్నాం. మోటార్లు ఆపేశాం. సిరంజితో కొంచెం ఆర్టీమియా దాని పైన వదిలాను. ముందు ఏమీ లేదు. తర్వాత ఒక్కో మొగ్గ నుంచి పసుపుపచ్చ మీసాలు జారుకుంటూ బయటికొచ్చాయి, బంతిపువ్వు విచ్చుకున్నట్టు. ఒక ఆర్టీమియా పిల్ల ఈదుతూ వచ్చి మీసానికి తగిలింది, అక్కడే ఆగిపోయింది, కాళ్ళు మాత్రం రెండు మూడుసార్లు కొట్టుకున్నాయి. ఆ మీసం నిదానంగా లోపలికి వంగింది. మధ్యలో ఉన్న చీలిక లాంటి నోరు తెరుచుకుని, ముద్ద అందుకున్నట్టు అందుకుంది. మీసం మళ్ళీ చాచుకుంది. ఐదు నిమిషాలకి అన్ని మీసాలకీ నారింజ చుక్కలే.

నాన్న కుడిచేతికి ఉన్న పగడపు ఉంగరం తిప్పుకుంటూ, "ఇదీ ఇలాంటిదేనా?" అన్నారు. కుజుడికని ఎప్పుడో జ్యోతిష్యుడు చెబితే పెట్టుకున్నది. ఉంగరాల్లో పెట్టే ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో చీకటి చోట్ల పెరుగుతుందని, దానికీ ఒంట్లో నాచు ఉండదని, నీళ్ళలో కొట్టుకొచ్చింది తినే బతుకుతుందని చెప్పాను.

"అయితే ఇన్నాళ్ళూ దీన్ని పస్తు పెట్టానన్నమాట" అన్నారు.

వారానికి మూడు రాత్రులు ఇలా మేపాం. మార్చికి సన్ కోరల్ పద్నాలుగు పువ్వులైంది. టార్చ్‌లో ఒక తల రెండుగా చీలింది, కానీ జనవరిలో లైటు కూడా మార్చాను కాబట్టి ఆ గొప్ప మేతదే అని చెప్పలేను. జోవాంతిడ్స్‌లో ఏ మార్పూ లేదు. నష్టం వైపు చూస్తే, మేత మురికితో నీళ్ళలో పెరిగే నైట్రేట్ 5 నుంచి 15కి, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.12కి ఎక్కాయి. రెండు వారాలకి ఒకసారి మార్చే నీళ్ళు వారం వారం మార్చాల్సి వస్తోంది. ఫైటో పోస్తే నైట్రేట్ తగ్గుతుందని సీసా వెనక రాసి ఉంటుంది. నాచు పీల్చుకున్నది నిజమే, దాన్ని ఎవరో తిన్నాక మళ్ళీ నీళ్ళలోకి వచ్చేదీ నిజమే. ఆ రెండో ముక్క సీసా వెనక ఉండదు.

వెళ్ళే ముందు నాన్నని మార్కులు వేయమన్నాను. ఫైటోకి పదికి ఆరు. సరుకు మంచిదే, ధర చూస్తే కడుపు మండుతుందట. పాడ్స్‌కి ఎనిమిది. ప్యాకింగుకి ఐదు, కొరియర్‌కి రెండు. నావి కూడా దాదాపు అవే, కాకపోతే ఫైటోకి నేను ఏడు వేస్తాను, ఎందుకంటే ఆయనలా తొట్లు తొట్లు పెంచే ఓపిక నాకు లేదు. తొట్టిలో ఒట్టి జోవాంతిడ్స్, మెత్తటి పగడాలు రెండు మూడు ఉన్నవాళ్ళు ఈ సీసాల జోలికి పోవద్దు, చేపల మేతలో రాలిందే వాటికి చాలు. మాండరిన్ ఉంటే పాడ్స్ తప్పదు. సన్ కోరల్ ఉంటే ఆర్టీమియా డబ్బా ఒకటి కొనుక్కోండి. నాది అక్టోబరులో కొన్నది, ఫ్రీజర్‌లో పెట్టుకుని వాడుతున్నాను, ఇంకా పావు వంతు ఉంది. మే నుంచి సెప్టెంబరు దాకా మా టెక్సాస్‌లో ఏ సీసా ఆర్డర్ పెట్టొద్దు. మిగతా నెలల్లో సోమవారం బయల్దేరేలా చూసుకోండి, ఇంటికి కాకుండా కొరియర్ కౌంటర్‌కి తెప్పించుకోండి.

నెలవారీ ఫైటో ఈ జూన్ నుంచి మానేశాను. పాడ్స్ మాత్రం చలికాలంలో రెండుసార్లు తెప్పిస్తాను. నాన్న వెళ్ళేముందు ఫైటో సీసాలో నుంచి గ్లాసుడు తీసి, కాచిన ఉప్పునీళ్ళలో కలిపి, కొన్న ఎరువు రెండు చుక్కలు వేసి, వంటింటి కిటికీ దగ్గర గాలిగొట్టం పెట్టి వెళ్ళారు. అది పెరుగుతోంది. మా రాత్రి తొమ్మిదింటికి భీమిలిలో ఉదయం ఏడున్నర. ఫోన్ చేయగానే ముందు కిటికీ వైపు తిప్పమంటారు. మొన్న తిప్పాను.

"పసుపు తిరుగుతోందమ్మా. ఎరువు అయిపోయింది, చూసుకోలేదా?"

చూసుకోలేదు.